ఐ.పి. కేసులు - సివిల్ ప్రొసీజర్ సవరణలు

మచిలీపట్నం: ధాన్యం, మినుములు అరువుపై కొన్న వర్తకుడు ఐ.పి. పెట్టాడన్న మాట వినగానే, గుడివాడ ప్రాంతంలోనూ, దివిసీమలోనూ రైతులు బాకీపై ఆశ వదులుకోవడం పరిపాటి. పిటిషన్ దాఖలైనంత మాత్రాన బాకీ రద్దు కాదు. కోర్టు దివాలా ప్రకటించాక, అఫిడవిట్ ద్వారా బాకీని రుజువు చేసి ఋణదాతల జాబితాలో చేరిన రైతుకు వాటా వస్తుంది.

జిల్లాలలో వ్యక్తుల దివాలాకు నేటికీ ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. ప్రత్యేక నిబంధన లేనిచోట మామూలు సివిల్ దావా పద్ధతినే కోర్టు పాటించాలని దాని 5వ సెక్షన్ నిర్దేశిస్తోంది. కనుక సివిల్ ప్రొసీజర్ కోడ్‌ను సవరిస్తే, దివాలా చట్టంలో ఒక్క అక్షరం మారకపోయినా ఐ.పి. విచారణ మారుతుంది.

2002 జూలై 1 నుంచి అమలైన సవరణలే ఇందుకు నిదర్శనం. సాక్షి వాంగ్మూలం అఫిడవిట్‌గా ఇవ్వాలి. క్రాస్ పరీక్ష కమిషనరు చేతనైనా జరిపించవచ్చు. ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించరాదు. తప్పనిసరి పరిస్థితులలో మరో వాయిదా ఇవ్వవచ్చునని సుప్రీంకోర్టు 2005లో స్పష్టం చేసినా, కోడూరు, నాగాయలంకల నుంచి బందరు కోర్టుకు తిరిగే రైతుకు ఇది మేలే. అయితే అఫిడవిట్‌కు బలం కాటా చీటీ, లెక్క కాగితం. నోటిమాటపై సరుకు వదిలిన రైతుకు ఏ సవరణా అక్కరకు రాదు.

1976 నాటి సవరణ మరింత ముఖ్యమైనది. జప్తు చేయరాని ఆస్తి దివాలా ఆస్తిలో చేరదు. ఆ జాబితా కోడ్ 60వ సెక్షన్‌లో ఉంది. 1977 ఫిబ్రవరి 1 నుంచి వ్యవసాయదారుతో పాటు కూలీ నివసించే ఇంటికీ రక్షణ లభించింది. వ్యవసాయదారు నిర్వచనంలో కౌలుదారూ చేరాడు. ఈ రక్షణ వదులుకుంటున్నట్లు రాయించుకున్న పత్రం చెల్లదు. అదే ఏడాది నవంబరు 19 ఉప్పెనకు సర్వం కోల్పోయిన దివిసీమకు దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. వర్తకుడి లెక్కల పుస్తకాలకు మాత్రం మినహాయింపు లేదు. అవి రిసీవరుకు అప్పగించవలసిందే.

2016 నాటి దివాలా కోడ్ ఈ ముడిని తెంచుతుంది. వ్యక్తులకు సంబంధించిన దాని మూడవ భాగం, కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారి విషయంలో 2019 డిసెంబరు 1న అమలులోకి వచ్చింది. అందరికీ వర్తింపజేస్తే విచారణ డెట్ రికవరీ ట్రైబ్యునల్‌కు మారుతుంది. ఆ ట్రైబ్యునల్ విశాఖపట్నంలో ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు అది కట్టుబడదు. మినహాయింపు ఆస్తుల జాబితా కూడా వేరే.

సత్వర పరిష్కారం కోరదగినదే. కాని బందరులో తేలవలసిన నాలుగు బస్తాల బాకీకి రైతును విశాఖ పంపడం న్యాయం కాదు. ఆ భాగాన్ని అందరికీ అమలు చేసేముందు చిన్న ఋణదాతలకు జిల్లా కేంద్రంలోనే విచారణ, కౌలుదారు ఇంటికి ఇప్పుడున్న రక్షణ కొనసాగేటట్లు కేంద్రం నిబంధనలు రూపొందించడం అవసరం.