గోలీలు చేతిలో పెడితే సరిపోతుందా?

సర్కారు దవాఖానలో ఓపీ నడిచే పూట మందుల కిటికీ ముందు నిలబడి చూడండి. షుగర్ ఉన్న ముసలవ్వ చీటీ చాపుతుంది. గోలీలు బయటికొస్తాయి. ‘పొద్దున ఒకటి, రాత్రి ఒకటి’ అన్న మాట వినబడుతుంది. ఆ వెంటనే ఇంకొకరు! బతుకంతా వెంటవచ్చే జబ్బుకు మన వ్యవస్థ ఇచ్చే సలహా ఇంతే.

దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది. ఇది నాలుగు రోజులు మందు మింగితే పోయే జ్వరం కాదు. డాక్టరు చూసేది కొద్ది నిమిషాలు. మిగతా వైద్యమంతా ఇంట్లో రోగే చేసుకోవాలి. అది నేర్పేదెవరు?

ఇన్సులిన్ సంగతే తీసుకోండి. మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలున్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. దేని సిరంజి దానిదే. 100 యూనిట్ల మందును 40 సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 20 కాదు, 50 యూనిట్లు! షుగర్ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. తారుమారైతే 20కి బదులు 8 యూనిట్లే అందుతాయి. గోలీ వేసుకుని అన్నం మానేస్తే ఏమవుతుంది? చెమటలు పట్టి చేతులు వణికితే ముందుగా ఏం తినాలి? ఫ్రిజ్ లేని ఇంట్లో ఇన్సులిన్ ఎక్కడ పెట్టాలి? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే చదువు చదివినవాడు ఆ కిటికీ వెనకే ఉన్నాడు. అతన్ని గోలీలు లెక్కపెట్టడానికే పరిమితం చేశారు.

చట్టం లేదా? ఉంది. డాక్టరు చీటీ మీద మందులివ్వాల్సింది రిజిస్టరైన ఫార్మసిస్టేనని 1948 ఫార్మసీ చట్టం చెబుతోంది. మందు ఎట్లా వాడాలి, ఎట్లా దాచాలి, డోసు తప్పితే ఏం చేయాలి అన్నవి రోగికి వివరించడం అతని బాధ్యతేనని 2015 నిబంధనలు చెబుతున్నాయి. కానీ ఎన్నో మెడికల్ షాపుల్లో గోడ మీది సర్టిఫికెట్ ఒకరిది, కౌంటర్లో నిలబడేది ఇంకొకరు.

అమెరికాలో ఆష్‌విల్ అనే పట్టణం ఉంది. అక్కడి నగరపాలక సంస్థ 1990ల చివర్లో షుగర్ ఉన్న తన ఉద్యోగులను ఫార్మసిస్టులకు అప్పగించింది. వాళ్లు క్రమం తప్పకుండా కూర్చుని మాట్లాడారు, పరీక్షలు చూశారు, అవసరమైతే డాక్టరుకు కబురు చేశారు. ఉద్యోగుల షుగర్ అదుపులోకి వచ్చింది. వైద్య ఖర్చు తగ్గింది, సిక్ లీవులూ తగ్గాయి. మన ఉద్యోగ సంఘాలు ఈ ముచ్చటను సర్కారు ముందు పెట్టాలి.

ప్రపంచానికి మందులు తయారుచేసి పంపే హైదరాబాద్ ఉన్న రాష్ట్రం మనది. 2008లో దేశంలో మొదలైన ఫార్మ్‌డీ కోర్సు చదివిన పిల్లలు మన కాలేజీల నుంచే బయటికొస్తున్నారు. వాళ్లేమో కొలువు కోసం తిరుగుతున్నారు, రోగులేమో సలహా చెప్పే దిక్కు లేక తిరుగుతున్నారు. నీళ్లు, నిధులు, నియామకాల కోసం కొట్లాడి 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్నాం. నియామకమంటే నిరుద్యోగికి జీతం ఒక్కటే కాదు, పేదోడికి అందే సేవ కూడా అని మేము మొదటి నుంచీ నమ్ముతున్నాం.

డాక్టరు కుర్చీ ఫార్మసిస్టుకు ఇవ్వమని మేము అనడం లేదు. రోగం తేల్చేది, మందు మార్చేది డాక్టరే. ఫార్మసిస్టుకు మాత్రం కిటికీ ఇవతల ఒక కుర్చీ వేయండి. ఖాళీ పోస్టులు నింపండి. బస్తీ, పల్లె దవాఖానల్లో ఒక్కోదానికి ఒకరు కుదరకుంటే నాలుగైదింటికి కలిపి ఒకరినైనా పెట్టండి. వారానికో పూట షుగర్ రోగుల కోసమే కేటాయించండి. సర్టిఫికెట్ల కిరాయి దందాను బందు పెట్టండి.

కాలు పోయాక, కిడ్నీ పోయాక పెట్టే లక్షల ఖర్చు కంటే ముందుగా చెప్పే నాలుగు మాటలు చవక. ఆ నాలుగు మాటలు అడిగి తెలుసుకోవడం రోగి హక్కు. ఈసారి మందులు తీసుకునేటప్పుడు కిటికీ దగ్గర ఇంకో నిమిషం నిలబడి అడగండి. అడగనిదే ఏదీ రాలేదని తెలంగాణకు వేరే చెప్పాలా?