ఇంటిపేరు నిలిపిన గిటారు

హెవీ మెటల్ అనగానే ఇంట్లో పెద్దవాళ్లు చెవులు మూసుకుంటారు. అయినా సరే, పాత రికార్డుల అరలోంచి ‘రిచువల్’ను ఓసారి బయటికి తీయొచ్చు. ఇటలీలోని లివోర్నో అనే రేవు పట్టణం కుర్రాళ్లు 1987లో తెచ్చిన ఆల్బమ్ అది. బృందం పేరు ‘స్ట్రానా ఒఫిచీనా’... అంటే ‘వింత వర్క్‌షాపు’! 1984లో తొలి రికార్డును సొంత భాషలో పాడినవాళ్లు ఇందులో ఇంగ్లిష్ అందుకున్నారు. పొరుగు దేశాలకూ వినిపించాలన్న ఆశ కాబోలు.

గిటారు ఫాబియో కప్పనేరాది. డ్రమ్స్ అతని తోడబుట్టిన రొబెర్తోవి. 1993లో ఒకే రోడ్డు ప్రమాదం ఆ ఇద్దరినీ పొట్టన పెట్టుకుంది. వర్క్‌షాపు మూగబోయింది.

పదమూడేళ్ల తర్వాత, 2006లో, పాత గాయకుడు బడ్ అంచిలోత్తితో బృందం మళ్లీ ఒక్కటైంది. ఈసారి గిటారు పట్టింది దారియో, డ్రమ్స్ ముందు కూర్చున్నది రొలాందో. ఇద్దరి ఇంటిపేరూ కప్పనేరాయే!