మొహమాటం మగవారికి ముప్పు
పరీక్షల జాబితాలో లేని ప్రోస్టేట్ క్యాన్సర్

బళ్లారి: రాత్రిపూట నాలుగైదుసార్లు ఒంటేలుకు లేవడం, ధార సన్నబడటం.. అరవై దాటిన మగవారిని అడిగితే 'వయసైపోయింది, మామూలే' అంటారు. చాలామంది విషయంలో అది నిజమే. వయసుతో పాటు ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బడం సహజం, అది క్యాన్సర్ కాదు. చిక్కేమిటంటే లక్షణాలను బట్టి రెండింటినీ వేరుచేయలేం. పైగా క్యాన్సర్ తొలిదశలో ఏ బాధా ఉండకపోవచ్చు. నడుము నొప్పి మొదలయ్యేసరికే ఎముకలకు పాకి ఉండొచ్చు. అమెరికా మాజీ అధ్యక్షుడు జో బైడెన్‌కు 2025 మేలో బయటపడిందీ ఎముకలకు పాకాకే.

అడగనిదే చేయరు
30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం చేయిస్తున్న పరీక్షల్లో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లున్నాయి. ప్రోస్టేట్ లేదు. కారణం లేకపోలేదు. పీఎస్‌ఏ అనే రక్తపరీక్షలో గ్రంథి ఉబ్బినా, ఇన్‌ఫెక్షన్ సోకినా అంకె పెరుగుతుంది. ప్రాణాపాయం లేని గడ్డలకూ అనవసర చికిత్స జరిగే ప్రమాదముంది. అందుకే అడిగే బాధ్యత మగవారి మీదే పడింది. 50 దాటినవారు, తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బుంటే 45 నుంచే వైద్యుడితో మాట్లాడాలి. మూత్రంలో రక్తం పడితే ఏ వయసైనా ఆగకూడదు. పీఎస్‌ఏ పెరిగినంత మాత్రాన కంగారొద్దు. ఎమ్మారై, ముక్క పరీక్ష చేశాకే సంగతి తేలుతుంది.

వైద్యం ఉంది
మెల్లగా పెరిగే రకమైతే ఆపరేషన్ లేకుండా తరచూ పరీక్షలతో కనిపెట్టి ఉంటే చాలు. గ్రంథి దాటనిదైతే ఆపరేషన్‌తోనో రేడియేషన్‌తోనో నయం చేయొచ్చు. పాకినా హార్మోన్ చికిత్సతో చాలామందిలో ఏళ్లపాటు అదుపు చేయొచ్చు.

ఏ రాష్ట్రం కార్డు?
సరిహద్దులో ఇదో మెలిక. గుంతకల్లు, ఆలూరు చుట్టాలకు పనికొచ్చే ఎన్టీఆర్ వైద్యసేవ ఆంధ్ర కార్డుదారులకే. ఇక్కడి తెలుగువారికి ఆయుష్మాన్ భారత్-ఆరోగ్య కర్ణాటక దిక్కు. బీపీఎల్ కార్డుంటే కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల వరకు వైద్యం ఉచితం. ప్రైవేటుకు వెళ్లాలంటే సాధారణంగా ప్రభుత్వాసుపత్రి రెఫరల్ చీటీ ఉండాలి. ప్రభుత్వ రంగంలో పెద్ద క్యాన్సర్ ఆస్పత్రి కిద్వాయ్ ఉన్నది సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో. జబ్బు ముదిరాక ఆ ప్రయాణం రోగికీ ఇంటికీ భారమే.

ప్రపంచంలో ఏటా వచ్చే ప్రోస్టేట్ క్యాన్సర్ కేసులు 2020లో 14 లక్షలు. 2040 నాటికి 29 లక్షలవుతాయని 2024లో లాన్సెట్ కమిషన్ అంచనా వేసింది. తెలుగులోనో కన్నడంలోనో, వైద్యుడి ముందు ముందే నోరు విప్పడం మేలు.