ఎర్ర సీసా, నీలం సీసా

మా బాపు బండి వెనక చక్రం ఊడదీయడానికి మొన్న పెద్ద కసరత్తే జరిగింది. తప్పు నాదే.

దసరాకి మద్నూర్ వెళ్లినప్పుడు చూశా. నంబర్ ప్లేట్‌కి ఒక బోల్టు లేదు, అద్దం గాలికే తిరిగిపోతోంది, బ్రేక్ పెడల్ దగ్గర ఏదో గలగల. పొలం బాటలో రోజూ తిరిగే బండి మరి. "ఎప్పుడు ఏది ఊడుతదో తెల్వది" అని బాపు నవ్వేశాడు. ఇంజినీరింగ్ చదివిన కొడుకుగా నాకు పౌరుషం వచ్చింది. (చదివింది కంప్యూటర్ సైన్సే లెండి. ఫస్టియర్‌లో వర్క్‌షాప్ ఉండేది కదా!) ఆన్‌లైన్‌లో థ్రెడ్‌లాకర్ తెప్పించా. రెండు రంగులున్నాయి. 'హై స్ట్రెంగ్త్' అని రాసున్న ఎర్ర సీసా ఎంచుకున్నా. గట్టిదైతేనే మంచిది కదా అనుకున్నా. కనిపించిన ప్రతి బోల్టుకూ గ్రీజు తుడిచి మరీ రెండేసి చుక్కలు. ఆ ఊపులో వెనక చక్రం యాక్సిల్ నట్టుకి కూడా!

రెండు వారాలు దాటాక, రాత్రిపూట దెగ్లూర్ నుంచి వస్తుంటే సలాబత్‌పూర్ ఇవతలే టైరు కూర్చుంది. ట్యూబ్ వాల్వ్ దగ్గర చిరిగింది. మార్చాలంటే చక్రం విప్పాలి. పంక్చర్ షాపు అతను పానాకి పైపు తగిలించి లాగినా నట్టు కదల్లేదు. హైవే మీద లారీలు రయ్యిమని పోతుంటే మా బాపు పదకొండు దాకా అక్కడే కూర్చుని, బండి వదిలేసి, ఎవరిదో ట్రాక్టర్ ఎక్కి ఇంటికొచ్చాడు. నాకు ఫోన్ చేసి అడిగింది ఒక్కటే: "ఏం పెట్టినవ్‌రా దానికి?" తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రాత్రి కూర్చుని చదివా. ముందే చదవాల్సింది.

ఇది ఫెవికాల్‌లా ఆరిపోయే జిగురు కాదు. గాలి అందకుండా, లోహం తగులుతూ ఉంటేనే గట్టిపడుతుంది. 1953లో అమెరికాలో వెర్నన్ క్రీబుల్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ దీన్ని తయారుచేశారు. తర్వాత దానికి లాక్‌టైట్ అని పేరొచ్చింది. సీసా నిండా పోయకుండా ఖాళీ ఉంచుతారు చూశారా, మోసం కాదు. లోపల గాలి ఉంటేనే అది ద్రవంగా ఉంటుంది. బోల్టు మరల మధ్య సందులోకి వెళ్లాక గాలి ఉండదు కాబట్టి గట్టిపడి, అదురుడుకి నట్టు జారకుండా పట్టుకుంటుంది.

రంగు అంటే పట్టు ఎంతో చెప్పే గుర్తు. ఊదా రంగు చిన్న స్క్రూలకి. నీలం మధ్యరకం, మామూలు పానాతోనే విప్పుకోవచ్చు. ఎరుపు మాత్రం మళ్లీ విప్పే పని లేని చోటకే. దాన్ని వదిలించాలంటే దాదాపు 250 డిగ్రీల దాకా వేడి చేసి, వేడి మీదే తిప్పాలి. పక్కనే రబ్బరు టైరు, బేరింగు, గ్రీజు. మా మెకానిక్ కాకా చుట్టూ తడిగుడ్డలు కప్పి, హీట్ గన్ నట్టు మీదే పట్టి, గంటసేపు తంటాలు పడ్డాడు. "తమ్మీ, పంక్చరైతే విప్పేదానికి ఎవడన్న గమ్ పెడ్తడా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ నట్టుకి కావాల్సింది సరైన బిగువే.

మీరు వాడితే నీలమే కొనండి. మరల మీది నూనె శుభ్రంగా తుడవాలి. ఒకటి రెండు చుక్కలు చాలు. అడుగు మూసుకున్న రంధ్రమైతే చుక్క బోల్టు మీద కాదు, రంధ్రంలో వేయాలి. లేదంటే లోపలి గాలి దాన్ని బయటికి తోసేస్తుంది. పూర్తి పట్టు రావడానికి ఒక రోజు పడుతుంది, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టుల్లో ఇంకా ఆలస్యం. ప్లాస్టిక్ జోలికి మాత్రం వెళ్లొద్దు, కొన్ని రకాలు పగుళ్లిస్తాయి. సైలెన్సర్ దగ్గర కూడా దండగే, ఆ వేడికి మామూలు రకాలు నిలవవు.

దీపావళికి నీలం సీసాతో ఇంటికెళ్లా. అద్దం, పెడల్ బిగించా. బాపు మంచం మీంచే చూస్తూ, "చక్రం దిక్కు పోకు" అన్నాడు.