ఒక్కో పోస్టుగా కరిగిపోతున్న రిజర్వేషన్

జన్యుక్రమాల భాండాగారం జెన్‌బ్యాంక్ ఎవరికైనా ఉచితం. ఖరీదైన రసాయనాలు అక్కరలేదు, కంప్యూటరుంటే విశ్లేషణ మొదలుపెట్టవచ్చు. పేద దళిత, ఆదివాసీ, బహుజన విద్యార్థులకు ఇంతకన్నా అనువైన విజ్ఞానశాస్త్రం అరుదు. అయినా బయోఇన్ఫర్మేటిక్స్ పరిశోధన గడప దగ్గర కులం కాపలా కాస్తూనే ఉంది.

కేంద్రీయ విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సీట్లలో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం రిజర్వేషన్ ఉంది. కానీ పీహెచ్‌డీకి ముందే అనుభవాన్ని, ప్రచురణలను, సిఫారసు లేఖను సమకూర్చేది ప్రాజెక్టు ఉద్యోగం. అది తరచూ ఒక ఆచార్యుడి గ్రాంటు కింద ఒకే పోస్టుగా వెలువడి, ఇంటర్వ్యూతోనే భర్తీ అవుతుంది. ఒకే పోస్టున్న కేడర్‌కు రిజర్వేషన్ వర్తించదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1998లో తేల్చింది. విడివిడిగా ప్రకటించినంత కాలం పది ప్రాజెక్టుల్లోని పది పోస్టులూ పది ఒకట్లుగానే మిగులుతాయి.

ఈ గారడీ మనకు కొత్త కాదు. అధ్యాపక నియామకాల్లో విశ్వవిద్యాలయాన్ని కాక శాఖను యూనిట్‌గా తీసుకోవాలని 2017లో అలహాబాద్ హైకోర్టు తీర్పునిచ్చింది. రిజర్వుడు పోస్టులు కుంచించుకుపోయాయి. ఆందోళనల తర్వాత 2019లో పార్లమెంటు చట్టం చేసి సంస్థనే యూనిట్‌గా నిలబెట్టింది. అదే సూత్రం ప్రాజెక్టు పోస్టులకూ వర్తించాలన్నది నా వాదన. ప్రతి సంస్థా తన పోస్టులన్నింటినీ ఒకే రోస్టర్‌లోకి తేవాలి. ఎంపికల వివరాలను సామాజిక వర్గాలవారీగా ఏటా ప్రకటించాలి. దీనివల్ల ప్రతిభకు కలిగే నష్టమేమిటో కాదనేవారే చెప్పాలి.