అలకా, అనుమానమూ

మన భాషలో ఒక చమత్కారం ఉన్నది. మగడు మరొకామెతో నవ్వుతూ మాట్లాడాడని భార్య ముఖం ముడుచుకుంటే, సాధారణంగా "అలిగింది" అంటాం. అదే పని భర్త చేస్తే "అనుమానం మనిషి" అంటాం. లోపలి మంట ఒక్కటే, పేర్లు రెండు. మొదటిదానికి నవ్వుకుంటాం, రెండోదానికి భయపడతాం.

నంది తిమ్మన "పారిజాతాపహరణం"లో, నారదుడు తెచ్చిన పువ్వును కృష్ణుడు రుక్మిణికిచ్చాడని సత్యభామ అలిగి కోపగృహం చేరింది. కృష్ణుడు బతిమాలి, కాలితో తన్నించుకుని, చివరికి చెట్టునే తెచ్చి ఆమె పెరట్లో నాటాడు. షేక్స్పియర్ ఒథెల్లోకు ఒక చేతిరుమాలు చాలింది. ఏ పాపమూ ఎరుగని డెస్డిమోనా ప్రాణం పోయింది.

మరి ఈ ఈర్ష్య అన్ని దేశాలలోనూ ఒకే తీరున ఉంటుందా? 11 సమాజాలలో ఈ సంగతే విచారించిన పరిశోధన ఒకటి 2020లో వెలువడింది. వాటిలో నమీబియా దేశపు హింబాలు ఒకరు. పశువులను మేపుకునే ఆ జనంలో పెళ్ళయిన ఆడవారికైనా, మగవారికైనా బయట చెలిమి ఉండడం వింత కాదు. అటువంటి చోట్ల ఈర్ష్య లేకపోలేదు గాని, దాని వేడి తక్కువ. తండ్రి పిల్లల పోషణభారం ఎక్కువగా మోసే సమాజాలలో ఆ వేడి ఎక్కువ. మంట సహజమే కావచ్చు. అది ఎంతవరకు మండవచ్చునో చెప్పేది మాత్రం సంఘం.

ఒక్కొక్కప్పుడు చట్టమే దానిలో నెయ్యి పోసింది. తన ఇంట్లో భార్యను పరపురుషునితో కళ్ళారా చూసి చంపిన భర్తకు 1810 నాటి ఫ్రెంచి శిక్షాస్మృతి శిక్ష తగ్గించింది. భార్యకు ఆ మినహాయింపు లేదు! ఆ నిబంధన 1975 దాకా బ్రతికింది.

వారిని చూసి మనం నవ్వనక్కరలేదు. 1959లో బొంబాయిలో నౌకాదళాధికారి నానావతి భార్య ప్రియుణ్ణి కాల్చి చంపితే, జ్యూరీలో తొమ్మండుగురికి ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు. భార్యాపిల్లలను సినిమాహాలు దగ్గర దించి, ఓడకు వెళ్ళి రివాల్వరు తెచ్చుకున్నవాడికి ఆవేశం చల్లారే వ్యవధి లేకపోయిందా? ఉన్నదనే సుప్రీంకోర్టు 1961లో యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది.

కోర్టుల మాట అటుంచండి. భార్య ఫోను తీసి చూసే అల్లుణ్ణి "మా అమ్మాయంటే అంత ప్రేమ" అని మురిసిపోయే అత్తమామలు మనలో లేరా? ఈసారి పండక్కి పుట్టింటికి వచ్చినప్పుడు, అమ్మాయిని వేరుగా కూచోబెట్టుకుని, ఆ ప్రేమ ఎలా ఉన్నదో ఒక్క మాట అడిగి చూడండి.