బుడమేరుకు కృష్ణమ్మ అడ్డుపడితే..!

మైలవరం: అల్పపీడనం వాయుగుండంగా మారిందన్న వార్త వెలువడితే చాలు, విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వాసుల గుండెల్లో రైళ్లు పరుగెడుతున్నాయి. 2005 సెప్టెంబరులో ఒకసారి, 2024 సెప్టెంబరులో అంతకు ఎన్నో రెట్లుగా బుడమేరు ఆ కాలనీలను ముంచెత్తింది. నగరంలో కురిసిన వానను బట్టి ముప్పును అంచనా వేసుకోవడం అక్కడివారికి అలవాటు. అయితే వారి ఇళ్లలోకి చేరే నీటిలో అధిక భాగం మైలవరం, జి.కొండూరు మండలాల కొండవాగుల నుంచి దిగివచ్చేదే. 2024 ఆగస్టు 31 శనివారం ఎగువన కుండపోత కురవగా, మరునాడు ఆదివారం సింగ్‌నగర్ నీట మునిగింది. ఆ సమయానికి వాయుగుండం ఎక్కడో కళింగపట్నం సమీపంలో తీరం దాటింది.

మళ్లింపు కాల్వే ఆధారం

మైలవరం ప్రాంతపు కొండల్లో పుట్టిన బుడమేరు విజయవాడ మీదుగా సాగి కొల్లేరులో కలుస్తుంది. నగరానికి ముప్పు తప్పించేందుకు వెలగలేరు వద్ద రెగ్యులేటరు కట్టి, అక్కడి నుంచి మళ్లింపు కాల్వ ద్వారా వరదను ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణా నదిలోకి పంపే ఏర్పాటు చేశారు. రెగ్యులేటరు గేట్లు మూసి ఉన్నంతవరకు నీరు కాల్వలోకి మళ్లుతుంది. గేట్లు ఎత్తితే పాత దారి పట్టి నగరం వైపు సాగుతుంది. కాల్వ భరించగలిగినంత వరకే ఈ రక్షణ.

ఆ కాల్వకు ఉన్న పని ఇదొక్కటే కాదు. పోలవరం కుడి కాల్వ దీనిలోనే కలుస్తోంది. 2015లో ప్రారంభమైన పట్టిసీమ ఎత్తిపోతల నీరు కృష్ణకు చేరుతున్నది ఈ దారినే. గోదావరి నీరు తోడే నెలలూ, బుడమేరుకు వరద వచ్చే నెలలూ ఒకటే. పంపులు ఆపినంత మాత్రాన కాల్వలో అప్పటికే ఉన్న నీరు మాయం కాదు. కాల్వను వెడల్పు చేయాలన్న ప్రతిపాదన ఏనాటిదో. ప్రతి వరద తర్వాతా అది కొత్తగా వినిపిస్తుంటుంది.

ఒకే మబ్బు.. రెండు వరదలు

అసలు చిక్కు కాల్వ చివరన ఉంది. ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణ నిండుగా ఉంటే, మళ్లింపు కాల్వ నీటిని నది సులభంగా స్వీకరించదు. పల్లం నిండాక నీరు వెనక్కి తన్నుతుంది, గట్లపై ఒత్తిడి పెరుగుతుంది. ‘రెండు వరదలూ ఒకేసారి రావడం అరుదు’ అని ఊరట చెందేవారున్నారు. ఆ లెక్క పూర్తిగా సరికాదు. శ్రీశైలం, నాగార్జునసాగర్ నుంచి వచ్చే వరద గురించి ముందే తెలుస్తుంది, పులిచింతలలో కొంతైనా ఆపవచ్చు. కానీ మున్నేరు పులిచింతలకు దిగువన కృష్ణలో కలుస్తుంది. దానిని ఆపే పెద్ద జలాశయమేదీ మధ్యలో లేదు. ఖమ్మంపై వర్షించే మబ్బు మైలవరం కొండలపైనా వర్షించడంలో వింత లేదు. ఇవి పొరుగు ప్రాంతాలు.

2024లో జరిగింది అదే. సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మంను ముంచింది, అదే రోజు బుడమేరు విజయవాడను ముంచింది. మరునాడు ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి, 2009 అక్టోబరు నాటి సుమారు 11.10 లక్షల రికార్డును దాటింది. బ్యారేజీ వద్ద 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండో హెచ్చరిక జారీ చేస్తారు. ఆ రోజు ప్రవాహం రెండో హెచ్చరికకు రెట్టింపు! మళ్లింపు కాల్వ ఎడమ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి. సైన్యం సాయంతో మూడో గండిని పూడ్చేసరికి సెప్టెంబరు 7 వచ్చింది. అంతవరకు నగరంలోకి నీటి రాక పూర్తిగా ఆగలేదు.

దిగువ పల్లెల గోడు

నగరం తేరుకున్నాక కెమెరాలు వెళ్లిపోయాయి. నీరు మాత్రం ఎనికెపాడు వద్ద ఏలూరు కాల్వ కింది సొరంగం దాటి నందివాడ మండలం మీదుగా కొల్లేరు దారి పట్టింది. నగరంలో తగ్గిన ప్రతి అంగుళం అక్కడి పొలాల్లో పెరిగినట్టే. కొల్లేరుకు తమ్మిలేరు, రామిలేరు నీరూ చేరుతుంది. సముద్రానికి వెళ్లేందుకు ఉన్నది ఒక్క ఉప్పుటేరు. పోటు సమయంలో అదీ మందగిస్తుంది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తొలగించినా, ఆ తర్వాత మళ్లీ వెలిశాయి. చెరువు గట్టు ఎత్తు పెంచుకున్న ప్రతివాడూ పక్క రైతు చేలో నీరు నిలిపినవాడే. ఈ మాట గ్రామాల్లో అందరికీ తెలుసు, బహిరంగంగా అనేవారు తక్కువ.

పిలకల దశలో ఉన్న వరి నాలుగైదు రోజులు పూర్తిగా మునిగితే కుళ్లిపోతుంది. నాట్లు మళ్లీ వేద్దామన్నా సెప్టెంబరులో నారు దొరకదు, అదును ఉండదు. కౌలు రైతుకు గుర్తింపు కార్డు లేకపోతే పెట్టుబడి రాయితీ అందడమూ కష్టమే.

ఈ కారణంగా నందివాడ రైతు, సింగ్‌నగర్ వాసి ఒకే మూడు విషయాలు కనిపెట్టుకుని ఉండాలి: మైలవరంలో నమోదైన వర్షపాతం, వెలగలేరు గేట్ల స్థితి, ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం. మొదటి రెండింటినీ జలవనరుల శాఖ సిబ్బంది నమోదు చేస్తూనే ఉంటారు. అవి అర్ధరాత్రి వేళ కాలనీలకు, పల్లెలకు చేరే మార్గాన్ని వానలకు ముందే, వార్డు, గ్రామ సచివాలయాల స్థాయిలో ఖరారు చేయాలని ముంపు ప్రాంతాల ప్రజలు కోరుతున్నారు.